36 కిందికి దిగనివ్వని చేతులు

జూన్ నెల మధ్యాహ్నం ఇందిరాపురం కాలాపత్థర్ రోడ్డు మీద 44 డిగ్రీల ఎండ కాస్తుంటుంది. అదే గంటలో, ఆ రోడ్డుకు కాస్త ఎడంగా ఏ నర్సింగ్ హోమ్ పైఅంతస్తులోనో, ఒక మనిషి ఒళ్ళు చల్లబడిపోయే ప్రమాదంలో ఉంటుంది. ఆమె ఆపరేషన్ థియేటర్లో బల్ల మీద మత్తులో ఉంది. పొట్ట, నడుము, తొడలు బయటికి ఉన్నాయి. గది 20 డిగ్రీల దగ్గర ఉంది. చలేస్తోందని ఆమె చెప్పలేదు. వణకలేదు. దుప్పటి పైకి లాక్కోలేదు. ఆ మూడు పనులకూ బదులుగా ఏం చేయాలో అది ఇంకొకరు చేయాలి.

ఆ ఇంకొకరి పనితనం గురించే ఈ నాలుగు మాటలు. మత్తు డాక్టరు, ఓటీ టెక్నీషియన్, సిస్టర్ కలిసి చేసే పని అది. కాస్మెటిక్ సర్జన్ చేతి పని అద్దంలో కనిపిస్తుంది, ఫోటోల్లో కనిపిస్తుంది. వీళ్ళ పనికి మానిటర్ మీద ఓ మూలన వెలిగే చిన్న అంకె ఒక్కటే సాక్ష్యం: 36.4. నాలుగు గంటల తర్వాత చూసినా ఆ అంకె దాదాపు అక్కడే ఉంటే పని అద్భుతంగా జరిగినట్టు. ఆపరేషన్ అయ్యాక దాని గురించి ఎవరూ అడగరు.

ఢిల్లీ సరిహద్దు దాటగానే వచ్చే ఈ గాజియాబాద్ శివారులో అహింసా ఖండ్, న్యాయ ఖండ్, శక్తి ఖండ్, వైభవ్ ఖండ్ అంటూ వరసగా అపార్టుమెంట్ల బారులే. పక్కనున్న నోయిడా సెక్టర్ 62 ఆఫీసులకు వెళ్ళివచ్చే తెలుగు కుటుంబాలూ ఇక్కడ ఉన్నాయి. కాన్పుల తర్వాత వదులైన పొట్ట సరిచేయించుకునేవాళ్ళు, బాగా బరువు తగ్గి వేలాడే చర్మం తీయించుకునేవాళ్ళు, లైపోసక్షన్‌కీ ముక్కు ఆపరేషన్‌కీ వచ్చేవాళ్ళు ఢిల్లీ చుట్టుపక్కల ఊళ్ళన్నిటిలోనూ ఉన్నట్టే ఇక్కడా ఉన్నారు. సోకు కోసం కోయించుకుంటారని వీళ్ళను తేలిగ్గా మాట్లాడేవాళ్ళున్నారు. ఆ మాట నాకు నచ్చదు. జబ్బుతో వచ్చిన మనిషికి కొంత ముప్పు తప్పదని అందరం ఒప్పుకుంటాం. ఆరోగ్యంగా తన కాళ్ళ మీద నడిచి లోపలికి వచ్చిన మనిషికి మాత్రం వైద్యం వల్ల ఏ కీడూ జరగడానికి వీల్లేదు. వెచ్చగా ఉంచే పని అసలైన పరీక్షకు నిలబడేది అక్కడే.

మన లోపలి వేడి 37 డిగ్రీల దగ్గర ఉంటుంది. మెలకువలో మెదడు దాన్ని ఎంత పట్టుగా కాస్తుందంటే, డిగ్రీలో ఐదో వంతు అటో ఇటో అయితే చాలు, చర్మంలోని రక్తనాళాలు ముడుచుకోవడమో చెమట పట్టడమో మొదలవుతుంది. జనరల్ అనస్థీషియా ఆ కాపలాను సడలిస్తుంది. అప్పుడు రెండు నుంచి నాలుగు డిగ్రీల దాకా తేడా వచ్చినా మెదడు పట్టించుకోదు. పైగా మత్తులో శరీరం వేడి పుట్టించడం కూడా తగ్గుతుంది. 36 కంటే కిందికి జారితే హైపోథెర్మియా కింద లెక్క.

మత్తు ఇచ్చిన మొదటి గంటలో లోపలి వేడి ఒకటి, ఒకటిన్నర డిగ్రీ పడిపోతుంది. గది చల్లగా ఉండడం వల్లేనని ఎవరికైనా అనిపిస్తుంది. డేనియల్ సెస్లర్ అనే అమెరికన్ అనస్థీషియా పరిశోధకుడు, ఆయన సహచరులు 1990లలో కొలిచి చూపించింది వేరు. ఆ మొదటి గంటలో తగ్గినదాంట్లో ఎక్కువ భాగం గదిలోకి పోయిన వేడి కాదు, ఒంట్లోనే చోటు మారిన వేడి. గుండె, కాలేయం, మెదడు 37లో ఉన్నప్పుడు కాళ్ళూ చేతులూ రెండు మూడు డిగ్రీలు తక్కువలో ఉంటాయి. ముడుచుకుని ఉన్న రక్తనాళాలే ఆ తేడాను నిలబెడతాయి. మత్తుమందు వాటిని వదులు చేయగానే లోపలి వెచ్చని రక్తం కాళ్ళూ చేతుల్లోకి పారుతుంది, అక్కడి చల్లని రక్తం లోపలికి వస్తుంది. కాగులో మరిగిన నీళ్ళను తొట్టిలోని చన్నీళ్ళలో కలిపేసినట్టే: వేడి ఎక్కడికీ పోలేదు, అయినా మరిగిన నీళ్ళు ఇక లేవు. చర్మం మీది నుంచి గదిలోకి వేడి అసలుగా పోయేది ఆ తర్వాతి రెండు మూడు గంటల్లో.

ఈ సంగతి తెలిసిన మత్తు డాక్టరుకూ తెలియని మత్తు డాక్టరుకూ తేడా థియేటర్ తలుపు బయటే తెలిసిపోతుంది. ఒకసారి కలిసిపోయాక పైనుంచి ఎంత వేడి పెట్టినా లోపలికి చేరడానికి గంటలు పడుతుంది. అందుకే పనివాడైనవాడు కలవకముందే తొట్టి నీళ్ళను వెచ్చబెడతాడు, అంటే కాళ్ళూ చేతులను.

ఇందిరాపురంలో జనవరి ఉదయం ఏడు గంటలకు పొగమంచులో కారు దిగి వచ్చే పేషెంటును ఊహించండి. రాత్రి నుంచీ ఏమీ తినలేదు. బయట ఐదారు డిగ్రీలుంది. లోపలికి రాగానే స్వెటరూ శాలువా తీయించి పల్చటి గౌను తొడుగుతారు. ఆ మీదట కాయితాల మీద సంతకాలు, ఫోటోలు, సర్జన్ వచ్చి ఆమెను నిలబెట్టి పొట్ట మీదా నడుము మీదా మార్కర్‌తో గీతలు గీయడం. ఈ గీతలు నిలబడి ఉండగానే గీయాలి, పడుకుంటే కొవ్వు చోటు మారుతుంది. అంటే అరగంట దాకా చలిలో, దాదాపు బట్టలు లేకుండా. మంచి సిస్టర్ ఈ వేళకు ముందే ఆ గదిలో హీటర్ వేసి ఉంచుతుంది. గీతలు గీయని భాగం మీద దుప్పటి ఉంచుతుంది. బీపీ కట్టే ముందు పాదాలు ముట్టుకుని చూస్తుంది. పాదాలు చల్లగా ఉంటే, ఈ మనిషిని లోపలికి తీసుకెళ్ళే వేళ ఇంకా కాలేదని ఆమెకు తెలుసు. "ఠండ్ లగ్ రహీ హై?" (చలేస్తోందా?) అని అడిగి, జవాబు ఏదైనా వేడిగాలి దుప్పటి కప్పుతుంది. ఇరవై ముప్పై నిమిషాలు అలా ఉంచితే కాళ్ళూ చేతులూ లోపలి వేడికి దగ్గరగా వస్తాయి. మత్తు ఇచ్చాక కలిసినా పెద్దగా పడిపోదు.

ఆ అరగంట విలువ ఎంతో 2001లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఒక బ్రిటిష్ అధ్యయనం చెప్పింది. రొమ్ము, హెర్నియా, వేరికోస్ సిరల ఆపరేషన్లకు వచ్చిన 421 మందిలో, ముందు అరగంట పాటు వెచ్చబెట్టినవారికి గాయంలో ఇన్ఫెక్షన్ వచ్చింది 5 శాతం మందికి. వెచ్చబెట్టనివారిలో 14 శాతం. అవన్నీ చిన్న, శుభ్రమైన ఆపరేషన్లు. కాస్మెటిక్ సర్జరీకి దగ్గరి చుట్టాలు. బ్రిటన్‌లో వైద్య ప్రమాణాలు నిర్ణయించే నైస్ సంస్థ 2008లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా ఇదే దారిలో ఉన్నాయి: అత్యవసరం కాని ఆపరేషన్‌లో పేషెంటు 36కు చేరేదాకా మత్తు మొదలుపెట్టొద్దు. అరగంట దాటే ఆపరేషన్లన్నిటిలో వెచ్చబెట్టాలి. ఒళ్ళు కప్పకుండా ఉన్నంతసేపూ గది కనీసం 21 డిగ్రీలుండాలి.

ఆ వేడిగాలి దుప్పటి గురించి కాస్త చెప్పాలి. అమెరికాలోని మిన్నెసోటాకు చెందిన స్కాట్ ఆగస్టీన్ అనే అనస్థీషియా డాక్టరు 1980లలో తయారుచేసిన బేర్ హగ్గర్ ఈ రకం దుప్పట్లకు పేరు తెచ్చింది. కాయితమూ ప్లాస్టిక్కూ కలిపిన రెండు పొరల పరుపులాంటిది, ఒళ్ళు తగిలే వైపు సన్నటి రంధ్రాలు. గొట్టం గుండా మెషీన్ గాలిని ఊదితే అది ఉబ్బి, ఆ రంధ్రాల్లోంచి 38 నుంచి 43 డిగ్రీల గాలి చర్మం చుట్టూ ఆడుతుంది. ఓటీల్లో అందరూ దాన్ని వార్మర్ అనో బ్లోయర్ అనో అంటారు. మామూలు దుప్పటి ఒక పొర కప్పితే చర్మం నుంచి పోయే వేడి సుమారు 30 శాతం తగ్గుతుంది. రెండోది, మూడోది కప్పితే అదనంగా కలిసొచ్చేది కొంచెమే. ఉత్తరాది చలికాలంలో రజాయి మీద రజాయి వేసే అలవాటు ఇంట్లో బాగానే ఉంటుంది, ఎందుకంటే లోపలున్న మనిషి వేడి పుట్టిస్తాడు. మత్తులో ఉన్న మనిషికి బయటినుంచి వేడి ఇవ్వక తప్పదు.

బ్లోయర్ గొట్టాన్ని దుప్పటికి తగిలించకుండా నేరుగా షీటు కింద పెడితే చర్మం కాలుతుంది. వేడి సెలైన్ సీసాలను గుడ్డలో చుట్టి చంకల్లో పెట్టడమూ అంతే. మత్తులో ఉన్న మనిషి చురుక్కుమన్నా చెప్పలేదు. తెలిసినవాళ్ళు ఈ రెండు పనులూ చేయరు, చేయబోయేవాళ్ళను ఆపుతారు.

ఇక అసలు కష్టం దగ్గరికి వద్దాం. మోకాలి ఆపరేషన్ అయితే ఒక కాలు వదిలేసి మిగతా ఒళ్ళంతా కప్పెయ్యొచ్చు. వదులైన పొట్ట సరిచేసే అబ్డామినోప్లాస్టీ, నడుముకూ తొడలకూ లైపోసక్షన్ కలిపి చేస్తున్నారనుకోండి. ఛాతీ కింది నుంచి మోకాళ్ళ దాకా సర్జన్‌దే రాజ్యం. దుప్పటి వేయడానికి మిగిలేది పైన చేతులూ భుజాలూ, కింద పిక్కలూ పాదాలూ. మధ్యలో బోర్లా తిప్పాలి, మళ్ళీ వెల్లకిలా తిప్పాలి. ముందూ వెనకా చుట్టూ యాంటిసెప్టిక్ పూయాలి. అది తరచూ స్పిరిట్ కలిసిన ద్రావణం, ఆరుతూ వేడిని లాక్కెళుతుంది. కిందికి కారి షీటు తడిస్తే ఆ తడి మీదే మనిషి గంటల తరబడి పడుకుని ఉంటుంది.

ఇక్కడ జరిగే పని చూడముచ్చటగా ఉంటుంది. పని వచ్చిన టీమ్ అయితే ఒళ్ళంతా ఒకేసారి విప్పదు. పూసే భాగం విప్పుతారు, పూస్తారు, ఆరనిస్తారు, స్టెరైల్ డ్రేప్ కప్పుతారు, తర్వాతి భాగానికి వెళతారు. కింద కారే ద్రావణం పీల్చుకోవడానికి ముందే వేసిన ప్యాడ్‌ను టెక్నీషియన్ పూత అయిపోగానే లాగేస్తాడు. బోర్లా తిప్పే ముందు పై దుప్పటి తీసి, తిప్పిన మరుక్షణం రెండో దుప్పటి వేసి గొట్టం మార్చడానికి ఒక మనిషిని అదే పనికి నిలబెడతారు. తిప్పడానికి నలుగురు కావాలి: తల దగ్గర మత్తు డాక్టరు గొంతులోని ట్యూబు పట్టుకుని లెక్క చెబుతాడు, ముగ్గురు ఒళ్ళు పట్టుకుంటారు. ఐదో మనిషి చేతిలో వెచ్చని దుప్పటి. ఆ ఐదో మనిషి ఉన్నాడా లేడా అన్నది చూస్తే చాలు, ఆ థియేటర్ ఎలాంటిదో నేను చెప్పగలను. దీంట్లో ఇంకో మంచి కూడా ఉంది. ఒళ్ళు ఎంతవరకు అవసరమో అంతవరకే విప్పడం వేడినీ కాపాడుతుంది, మత్తులో ఉన్న మనిషి మర్యాదనూ కాపాడుతుంది.

లైపోసక్షన్‌లో పోసే నీళ్ళ సంగతి వేరే చెప్పుకోవాలి. కాలిఫోర్నియా చర్మవైద్యుడు జెఫ్రీ క్లైన్ 1987లో ప్రచురించిన ట్యూమిసెంట్ పద్ధతిలో, సెలైన్‌లో లిగ్నోకైన్, అడ్రినలిన్ కలిపి కొవ్వులోకి లీటర్ల కొద్దీ ఎక్కిస్తారు. రక్తస్రావం బాగా తగ్గడానికి ఆ పద్ధతే కారణం. ఆ ద్రావణం 20 డిగ్రీల గదిలో ఉన్నదైతే, లీటరు లీటరుకూ చల్లని నీళ్ళు చర్మం కిందే చేరుతున్నట్టు. సిరలోకి ఎక్కించే సెలైన్ విషయంలో లెక్క తెలుసు: గది చల్లదనంలో ఉన్న ఒక్క లీటరు, 70 కిలోల మనిషి ఒంటి సగటు వేడిని పావు డిగ్రీ తగ్గిస్తుంది. కాబట్టి ఆ సంచులన్నీ ముందురోజే లెక్కపెట్టి, ఆపరేషన్ ఉదయం 37 డిగ్రీల వార్మింగ్ క్యాబినెట్‌లో పెట్టాలి. ఒకటి వాడగానే ఇంకోటి క్యాబినెట్ నుంచి రావాలి, అలమర నుంచి కాదు. ఇది పూర్తిగా సిస్టర్ చేతిలోని పని. ఏ సర్టిఫికెట్టూ దీనికి రాదు.

ఏసీ మీద జరిగే లాగులాటను కూడా గౌరవంగానే చూడాలి. సర్జన్ రెండు గౌన్ల లోపల, లైట్ల కింద, చేతి బలంతో కొవ్వు పీల్చే గొట్టం (క్యానులా) ఆడిస్తూ చెమటోడుస్తాడు. చెమట చుక్క గాయంలో పడకూడదు కాబట్టి ఆయనకు చల్లగా ఉండాలి. ఇద్దరి అవసరమూ నిజమే. బాగా కలిసి పనిచేసేవాళ్ళు దీన్ని వేళను బట్టి సర్దుకుంటారు. మత్తు ఇచ్చి, పూసి, డ్రేప్‌లు కప్పేదాకా గది వెచ్చగా ఉంటుంది. డ్రేప్‌లు పడి బ్లోయర్ ఆడడం మొదలయ్యాక సర్జన్ అడిగినంత చల్లబరుస్తారు. కుట్లు పూర్తయ్యే వేళకు, డ్రేప్‌లు తీసేముందు, మళ్ళీ పెంచుతారు.

ఇన్ని చేసినా కొలవకపోతే ఏమీ తెలియదు. నుదుటి మీద అంటించే స్టిక్కర్ చర్మం వేడిని చెబుతుంది, లోపలి వేడిని కాదు. అన్నవాహిక కింది భాగంలోకి దించిన సన్నటి ప్రోబ్ నమ్మదగింది. ముక్కు వెనకదాకా పంపేది కూడా మంచిదే, కానీ ముక్కు ఆపరేషన్‌లో అక్కడ చోటుండదు. ఫేస్‌లిఫ్ట్ దగ్గర లెక్క తిరగబడుతుంది. ముఖం తప్ప ఒళ్ళంతా కప్పి ఉంటుంది కాబట్టి నాలుగైదు గంటల్లో వేడి ఎక్కువైపోవచ్చు. అప్పుడు బ్లోయర్ తగ్గించాలి. ఈ ప్రోబ్ ఇంకో శత్రువును కూడా పట్టిస్తుంది. కొన్ని మత్తుమందులకు వంశపారంపర్యంగా ఎదురుతిరిగే ఒళ్ళు కొందరికి ఉంటుందని 1960లో ఆస్ట్రేలియా వైద్యులు డెన్‌బరో, లోవెల్ మొదట గుర్తించారు. మాలిగ్నెంట్ హైపర్‌థెర్మియా అనే ఆ స్థితిలో వేడి ప్రమాదకరంగా ఎగబాకుతుంది. చాలా అరుదు. కొలిచేవాళ్ళకే అది అందుతుంది.

మత్తులో ఉన్న మనిషిలో దేన్ని గమనించాలన్న వాదనకు తెలుగు నేలతో పాత బంధం ఉంది. నిజాం ఖర్చుతో 1888లో, 1889లో హైదరాబాద్‌లో మత్తుమందు క్లోరోఫాం మీద రెండు కమిషన్లు కూర్చున్నాయి. హైదరాబాద్ మెడికల్ స్కూల్‌ను నడిపిన ఎడ్వర్డ్ లారీ, శ్వాసను చూస్తే చాలు, నాడి చూడనక్కర్లేదని పట్టుబట్టాడు. గుండె కూడా ఆగిపోగలదని తర్వాతి కాలం రుజువు చేసింది. ఆ స్కూల్లోనే చదువుకుని మత్తు ఇవ్వడాన్నే వృత్తిగా చేసుకున్న రూపాబాయి ఫర్దూన్‌జీ ప్రపంచంలోని తొలి మహిళా అనస్థీషియా వైద్యుల్లో ఒకరు. శ్వాస, నాడి, బీపీ, ఆక్సిజన్ ఒక్కొక్కటిగా ఆ గమనింపులో చేరాయి. ఒంటి వేడి ఆ వరుసలో బాగా వెనక వచ్చింది, ఇప్పటికీ చిన్న చోట్ల అన్నిటికంటే ముందు వదిలేసేది దాన్నే.

వదిలేస్తే ఏమవుతుంది? చల్లబడిన రక్తంలో ప్లేట్‌లెట్లూ గడ్డకట్టించే ఎంజైములూ మందగిస్తాయి. రక్తస్రావం పెరుగుతుంది. మందులు ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తాయి: రెండు డిగ్రీలు చల్లబడితే కండరాలను వదులు చేసే వెక్యురోనియం ప్రభావం రెట్టింపు సేపు ఉంటుంది. చర్మపు నాళాలు ముడుచుకుంటే గాయం అంచులకు ఆక్సిజన్ తగ్గుతుంది. 1996లో కర్జ్, సెస్లర్, లెన్‌హార్ట్ పెద్దపేగు ఆపరేషన్లు జరిగిన 200 మందిని పరిశీలిస్తే, చల్లబడినవారిలో 19 శాతానికి, వెచ్చగా ఉంచినవారిలో 6 శాతానికి ఇన్ఫెక్షన్ వచ్చింది. అబ్డామినోప్లాస్టీలో సర్జన్ ఎత్తి కిందికి లాగి కుట్టే చర్మం అరకొర రక్తంతోనే బతకాలి. దాని అంచుకు వెచ్చదనమూ ఒక మందే అని నా నమ్మకం.

నిజాయితీగా మరో సంగతి కూడా చెప్పాలి. సెస్లర్ బృందమే 2022లో లాన్సెట్‌లో 5,056 మందితో చేసిన ప్రొటెక్ట్ అధ్యయనం వెలువరించింది. 35.5 దగ్గర ఉంచినా, 37 దగ్గర ఉంచినా పెద్ద సమస్యల్లో తేడా కనబడలేదు. అంటే దశాంశాల కోసం ప్రాణం పెట్టనక్కర్లేదు. 35.5కు కిందికి వదిలేస్తే ఏమవుతుందో ఆ అధ్యయనం పరీక్షించలేదు. కాస్మెటిక్ సర్జరీలో ఏ ఏర్పాటూ లేకుండా నాలుగు గంటలు గడిస్తే పడిపోయేది ఆ కిందికే. పట్టుదల ఆ దిగువ గీత దగ్గర ఉండాలి.

పని ఎలా జరిగిందో చివరికి చెప్పేది మెలకువ వచ్చే ఘడియ. చల్లబడినవాళ్ళు వణుకుతూ లేస్తారు. ఆ వణుకు ఆక్సిజన్ ఖర్చును రెండు మూడు రెట్లు చేయగలదు, కొత్త కుట్లను లాగుతుంది, బీపీని ఎగదోస్తుంది. ఫేస్‌లిఫ్ట్ అయిన ముఖంలో ఆ బీపీయే రక్తపు గడ్డ కట్టడానికి దారి తీస్తుంది. ట్రమడాల్ కొద్దిగా ఇస్తే వణుకు ఆగుతుంది, అయితే మొదటే వెచ్చగా ఉంచిన మనిషికి సాధారణంగా అది అవసరమే పడదు. ఆమె కళ్ళు తెరిచి టైమెంతయింది అని అడుగుతుంది. చలి మాట ఆమె నోటి నుంచి రాదు.

ఇంటికి వెళ్ళాక ఒక్క జాగ్రత్త, ముఖ్యంగా ఉత్తరాది చలికాలంలో. పొట్ట ఆపరేషన్ తర్వాత బొడ్డు కింది చర్మానికి నెలల తరబడి స్పర్శ సరిగా ఉండదు. నొప్పిగా ఉందని అక్కడ వేడినీళ్ళ బ్యాగు పెట్టుకుంటే కాలుతున్నా తెలియదు. అలా బొబ్బలెక్కి ఆస్పత్రికి వచ్చిన కేసులు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. వెచ్చదనం కావాలంటే గదిని వెచ్చబెట్టండి, పాదాలకు మేజోళ్ళు వేయండి. పొట్ట మీద మాత్రం వేడిదేదీ పెట్టకండి.

మీరు గానీ మీ ఇంట్లోవాళ్ళు గానీ ఇలాంటి ఆపరేషన్‌కు సిద్ధమవుతుంటే ప్యాకేజీ ధర, డిస్కౌంట్ మాట్లాడాక ఇంకో రెండు నిమిషాలు ఆగండి. మత్తు ఇచ్చే డాక్టరును ఒకసారి కలవాలని అడగండి. ఆపరేషన్ ఎన్ని గంటలు, అంతసేపూ వేడిగాలి వార్మర్ ఉంటుందా, సెలైన్ వెచ్చబెట్టి ఎక్కిస్తారా, లోపలి వేడిని ప్రోబ్‌తో కొలుస్తారా అని అడగండి. ఈ పని నిజంగా చేసేవాళ్ళు మీ ప్రశ్నకు సంతోషిస్తారు, వివరంగా చెబుతారు. విసుక్కునే చోట చేయించుకోవద్దు.